బోనస్ డబ్బుకు రెండో చాన్స్ ఉండదు

2019 దసరా. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో మా ఇంట్లో ఆ ఏడాది కొత్త బట్టలు కొనలేదు. లాలాగూడ వర్క్‌షాప్‌లో పనిచేసే నాన్నకు 78 రోజుల లెక్కన వచ్చిన బోనస్ 17,951 రూపాయలు. దానికి అమ్మ చీటీ డబ్బు, నేను ట్యూషన్లు చెప్పి దాచుకున్నది కలిపితే 48 వేలు అయ్యాయి. బీటెక్ రెండో ఏడాదిలో ఉన్న నాకు ఒక కంప్యూటర్ కొనాలి. చదువుకని ఇంట్లో చెప్పాను. గేమ్స్ కోసమని ఫ్రెండ్స్‌కు చెప్పాను. రెండూ నిజమే.

మెట్టుగూడలో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ ప్యారడైజ్. అక్కడి నుంచి నడిచి పోతే పార్క్‌లేన్, చెనాయ్ ట్రేడ్ సెంటర్. మనందరికీ సీటీసీ. అప్పుడు ఆర్టీసీ సమ్మె నడుస్తోంది. మెట్రోలో కాలు పెట్టే చోటు లేదు. ఆ గుంపులో మదర్‌బోర్డు డబ్బాను ఛాతీకి ఆనించి పట్టుకుని ఇంటికి తెచ్చాను. రాత్రంతా కూర్చుని బిగించాను. స్విచ్ వేశాను. ఫ్యాన్లు తిరిగాయి, రంగు లైట్లు వెలిగాయి. తెర మాత్రం నల్లగానే ఉంది.

నాన్న కాసేపు చూసి ఒక్క మాటే అన్నారు. ‘ఏందిరా, లైట్లు వెలగనీకేనా ఇన్ని పైసలు?’

మర్నాడు షాపుకు తీసుకెళ్తే ‘బోర్డు మంచిగనే ఉంది తమ్మీ, నువ్వే ఏదో తప్పు పెట్టినవ్’ అన్నారు. రెండోసారి వెళ్తే ప్రాసెసర్ మీద అనుమానం పెట్టారు. మూడోసారి ఆ షాపుకు పోకుండా, ఒక చిన్న రిపేర్ కౌంటర్‌లో చూపించాను. ఆయన బోర్డు డబ్బా చూడగానే విషయం చెప్పేశారు. నేను కొన్నది రైజెన్ 5 3600, ఆ ఏడాది జులైలో వచ్చిన ప్రాసెసర్. బోర్డు బీ450, అంతకు ముందటి స్టాక్. సాకెట్ ఒక్కటే, పిన్నులు సరిపోయాయి. కానీ బోర్డులోని బయాస్ పాతది కావడంతో కొత్త ప్రాసెసర్‌ను గుర్తుపట్టలేదు. ఆయన తన దగ్గరున్న పాత ప్రాసెసర్ పెట్టి బయాస్ అప్‌డేట్ చేసి, 500 తీసుకున్నారు. అరగంట పని. మా ఇంట్లో మాత్రం పది రోజులు ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు.

ఇది ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, పోయిన నెల మా చిన్నమ్మ కొడుకు ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. 70 వేలలో గేమింగ్ పీసీ. పార్టులన్నీ రాసుకున్నాడు. మదర్‌బోర్డు పేరు చివర ‘డీ4’ అని ఉంది. కింద ర్యామ్ చూస్తే డీడీఆర్5. ‘అన్నా, కొత్తది కదా, ఇంకా ఫాస్ట్ ఉంటది’ అన్నాడు. ఆ బోర్డులో ఆ ర్యామ్ అసలు దిగదు. ఆరేళ్లలో పార్టులు మారాయి, ధరలు మారాయి, తప్పు మాత్రం అదే.

బడ్జెట్ పీసీ అంటే చవకైన పీసీ అని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో బడ్జెట్ అంటే తప్పుకు చోటు లేకపోవడం. రెండు లక్షలు పెట్టేవాడికి ఒక పార్టు కలవకపోతే ఇంకోటి తెచ్చుకుంటాడు. బోనస్ డబ్బుతో కొనేవాడికి మళ్లీ దసరా దాకా ఆగాలి. అందుకే పార్టుల పొందిక చూసుకోవడం టెక్నాలజీ పిచ్చి ఉన్నవాళ్ల సరదా కాదు, తక్కువ డబ్బున్నవాళ్లకు అదే బీమా. ఆ పని షాపువాళ్లకో, వీడియోలో చెప్పేవాళ్లకో వదిలేయకుండా మనమే చేసుకోవాలన్నది నా వాదన.

మూడు రకాల తప్పులు

మా మెట్టుగూడ పక్కనే ఇరిసెట్ ఉంది. రైల్వే సిగ్నల్ ఇంజినీర్లకు 1957 నుంచి శిక్షణ ఇస్తున్న సంస్థ. క్వార్టర్స్‌లో పెరిగిన పిల్లలకు ‘ఇంటర్‌లాకింగ్’ అనే మాట చిన్నప్పుడే చెవిన పడుతుంది. పట్టాలు సరైన దారికి మారి బిగుసుకునేదాకా సిగ్నల్ పచ్చగా మారదు. మనిషి తప్పు చేయబోయినా యంత్రం ఒప్పుకోదు. కంప్యూటర్ పార్టుల్లో ఇలాంటి కాపలా కొన్నిచోట్లే ఉంది. అందుకే తప్పుల్ని మూడు రకాలుగా చూస్తాను.

మొదటిది, అసలు దిగనిది. ఇంటెల్ ప్రాసెసర్ ఏఎండీ బోర్డులో కూర్చోదు. ఇంటెల్‌లోనే 12, 13, 14 తరాలు ఎల్‌జీఏ 1700 సాకెట్‌వి, 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200 డెస్క్‌టాప్ చిప్‌లకు ఎల్‌జీఏ 1851 కావాలి. ఏఎండీలో ఏఎం4కు డీడీఆర్4 ర్యామ్, ఏఎం5కు డీడీఆర్5 మాత్రమే. ఎల్‌జీఏ 1700 బోర్డులు రెండు రకాలుగానూ దొరుకుతాయి, మా తమ్ముడు తడబడింది అక్కడే. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే ఉన్నా మధ్యలో గాటు వేరేచోట ఉంటుంది. అదే మన ఇంటర్‌లాకింగ్. బలవంతం చేయకుంటే ఏదీ పాడవదు. ఇక గ్రాఫిక్స్ కార్డు పొడవు, కూలర్ ఎత్తు. క్యాబినెట్ వివరాల్లో రెండూ మిల్లీమీటర్లలో రాసి ఉంటాయి. కార్డు కొలతతో పోల్చడానికి నిమిషం చాలు.

రెండోది, దిగుతుంది కానీ మొదలవదు. నా 2019 కథ ఇదే. ఈరోజుకీ 12వ తరం నాడు తయారైన బోర్డు మీద 14వ తరం ప్రాసెసర్ పెడితే ఇదే గొడవ రావచ్చు. మందు సులువు: బోర్డు కంపెనీ సైట్‌లో ఆ మోడల్ పేజీ తెరిస్తే ఏ ప్రాసెసర్లు నడుస్తాయో జాబితా ఉంటుంది. ప్రాసెసర్ పేరు పక్కనే ఏ బయాస్ వెర్షన్ కావాలో కూడా రాస్తారు. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయాస్ మార్చుకునే బటన్ కొన్ని బోర్డులకు ఉంటుంది. అది ఉన్నది దొరికితే తీసుకోండి.

ఇంకో తప్పు, ఒక్క అక్షరం దగ్గర జరుగుతుంది. ఇంటెల్ ఐ5 12400ఎఫ్‌లో చివరి ‘ఎఫ్’ అంటే లోపల గ్రాఫిక్స్ లేదని. రైజెన్ 5 5600లోనూ లేదు, 5600జీలో ఉంది. ‘ముందు ప్రాసెసర్ కొందాం, కార్డు సంక్రాంతికి చూద్దాం’ అనుకునేవాళ్లు ఈ అక్షరం చూసుకోకపోతే అన్ని నెలలూ నల్ల తెరే చూడాలి.

మూడోది అన్నిటికన్నా చెడ్డది. అన్నీ దిగుతాయి, కంప్యూటర్ మొదలవుతుంది, ఎవరికీ అనుమానం రాదు. కానీ మన డబ్బు మెల్లగా పోతూనే ఉంటుంది. 16 జీబీ ఒకే స్టిక్ పెడితే మెమరీకి ఒక దారే పనిచేస్తుంది, 8 జీబీవి రెండు పెడితే రెండు దారులూ తెరుచుకుంటాయి. విడిగా కార్డు లేకుండా 5600జీ లాంటి దానిపై ఆడేవాళ్లకు ఈ తేడా కంటికి కనిపిస్తుంది. 6000 వేగమని డబ్బా మీద రాసిన డీడీఆర్5 కూడా, బయాస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయకపోతే 4800 దగ్గరే ఆగిపోవచ్చు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డు బోర్డుతో నాలుగు లేన్లలోనే మాట్లాడుతుంది. పీసీఐఈ 3.0 ఉన్న పాత బోర్డులో పెడితే బాగా నెమ్మదిస్తుంది. పైగా అందులో వీడియో ఎన్‌కోడర్ లేదు. ఆడుతూ స్ట్రీమింగ్ చేద్దామనుకునేవాళ్లకు అది పనికిరాదు. చవక కార్డు కొనేవాళ్ల దగ్గరే పాత బోర్డు ఉంటుంది, దెబ్బ తగిలేదీ వాళ్లకే.

కార్డు కొని, మానిటర్ వైరు మాత్రం మదర్‌బోర్డుకు గుచ్చి ‘గేమ్ స్లో’ అని బాధపడినవాళ్లను నేనే ముగ్గురిని చూశాను. 144 హెర్ట్జ్ మానిటర్ కొని, విండోస్ సెట్టింగ్స్‌లో 60 దగ్గరే వదిలేసినవాళ్లు అంతకన్నా ఎక్కువ. వీటికి పైసా ఖర్చులేదు, తెలిస్తే చాలు.

ఏనుగును కొని అంకుశం దగ్గర బేరం

నా రెండో తప్పు ఈ మూడో రకానిదే. క్యాబినెట్‌తో పాటు వచ్చిన ఎస్‌ఎంపీఎస్‌తోనే మొదటి రెండేళ్లు నడిపాను. 2021లో పెద్ద కార్డు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చి పెట్టాను. నాలుగో రోజు గేమ్ మధ్యలో ఠప్ మని శబ్దం, కాలిన వాసన. ఎస్‌ఎంపీఎస్‌తో పాటు మదర్‌బోర్డూ పోయింది. అప్పటిదాకా దాని స్టిక్కర్‌ను నేను ఒక్కసారైనా చదవలేదు.

స్టిక్కర్ మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లని ఉంది. కింద చిన్న గడిలో 12 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లని ఉంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఎక్కువగా తీసుకునేది 12 వోల్టుల నుంచే. 12ను 16తో గుణించండి. 192 వాట్లు. నేను నమ్మింది 450, దానికి నిజంగా ఉన్న సత్తా 192. ఏడో తరగతి లెక్క ఇది. బీటెక్ చదువుతూ చేయలేదు.

ఇప్పుడు సరైన లెక్క చూద్దాం. ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115 వాట్లు తీసుకుంటుంది. ఐ5 12400ఎఫ్ గట్టిగా పనిచేసేటప్పుడు 117. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు ఇంకో 50 వేసుకున్నా 300 లోపే. పేరున్న కంపెనీ 550 వాట్ల యూనిట్ దీనికి ధారాళంగా సరిపోతుంది. ‘750 అయితే సేఫ్’ అని చెప్పి అంటగడితే అక్కర్లేదు, ‘క్యాబినెట్‌తో ఫ్రీ వస్తది’ అంటే అది అసలే వద్దు. 80 ప్లస్ బ్రాంజ్ అనే గుర్తు కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతుంది, సగం లోడు దగ్గర సుమారు 85 శాతం. లోపలి సరుకు ఎంత గట్టిదో అది చెప్పదు. దానికి వారంటీ ఏళ్లు చూడండి. ఇంకో మాట, ఊడదీసే వైర్లున్న ఎస్‌ఎంపీఎస్ అయితే ఒక కంపెనీ వైర్లు ఇంకో కంపెనీ దానికి పెట్టకండి. మొన దిగినా లోపలి వైరింగ్ వేరుగా ఉండొచ్చు. దిగింది కదా అని స్విచ్ వేస్తే హార్డ్ డిస్కులు కాలిపోయిన కేసులున్నాయి.

60 వేల పీసీకి మూడు వేల ఎస్‌ఎంపీఎస్ దగ్గర బేరమాడటం ఏనుగును కొని అంకుశం దగ్గర పేచీ పెట్టడమే. యూపీఎస్ కూడా అంతే. 600 వీఏ అని రాసి ఉంటే అది 600 వాట్లు కాదు, మామూలుగా 360 వాట్లు. అది గేమ్ పూర్తిచేయడానికి కాదు, సేవ్ చేసి షట్‌డౌన్ చేయడానికి. గోడ సాకెట్‌కు ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. పాత ఇళ్లలో ఇది చాలాసార్లు ఉండదు.

జాబితా ఎక్కడ మొదలుపెట్టాలి?

చాలామంది ప్రాసెసర్ దగ్గర మొదలుపెడతారు. నన్నడిగితే ఆట దగ్గర, తెర దగ్గర మొదలుపెట్టాలి. వాలరెంట్, సీఎస్ 2 లాంటివి ఆడేవాళ్లకు ప్రాసెసర్ ముఖ్యం. పెద్ద కథల గేమ్స్ ఆడేవాళ్లకు కార్డు ముఖ్యం. తెర 1080పీ అయితే అంతకు మించిన కార్డు దండగ. తెరను బట్టి కార్డు, కార్డును బట్టి ప్రాసెసర్, ప్రాసెసర్‌ను బట్టి బోర్డు, బోర్డును బట్టి ర్యామ్, అన్నిటి మొత్తాన్ని బట్టి ఎస్‌ఎంపీఎస్, చివరికి ఇవన్నీ పట్టే క్యాబినెట్. ఈ వరస తలకిందులైతేనే తప్పులొస్తాయి. లైట్ల క్యాబినెట్ ముందు నచ్చి, మిగిలిన డబ్బుతో కార్డు కొన్నవాళ్లు బాధపడక తప్పదు. పైగా మన మే నెల ఎండకు ముందు అద్దం బిగించిన క్యాబినెట్ కన్నా జాలీ ఉన్నదే మేలు.

ధరలు నేనిక్కడ రాయడం లేదు. పేపర్ మీ చేతికొచ్చేసరికి మారిపోతాయి. 2025 చివరి నెలల్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ప్రపంచమంతా మెమరీ ధరలు ఎగబాకాయి. మైక్రాన్ సంస్థ క్రూషియల్ పేరుతో మామూలు కొనుగోలుదారులకు చేసే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నామని డిసెంబరులో ప్రకటించింది. ఎక్కడో అమెరికాలో తీసుకున్న నిర్ణయం పార్క్‌లేన్‌లో ర్యామ్ బిల్లు మీద పడుతోంది. అందుకే ధరలు కాకుండా వాటాలు గుర్తుపెట్టుకోండి. నా అంచనాలో మొత్తంలో 35 నుంచి 40 శాతం కార్డుకు, పాతిక నుంచి 30 శాతం ప్రాసెసర్, బోర్డులకు, మిగతాది ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్‌లకు. మానిటర్, కీబోర్డు, యూపీఎస్, విండోస్ లైసెన్స్ దీనికి బయట. ఇవి మర్చిపోయి బడ్జెట్ వేసి, చివర్లో అమ్మ ముందు నిలబడకండి.

ఏఎం4 తీసుకోవాలా, ఏఎం5 తీసుకోవాలా అని నన్ను ఎక్కువగా అడుగుతారు. ఏఎం5 మీద కొత్త ప్రాసెసర్లు ఇంకా వస్తాయి, రేపు మార్చుకోవచ్చు. నిజమే. కానీ రేపు మార్చే డబ్బు మీ దగ్గర ఉంటుందా అన్నది మీరు నిజాయతీగా అడుక్కోవాల్సిన ప్రశ్న. నాలుగేళ్లు ఏమీ మార్చననుకుంటే, ఇంట్లో ఇప్పటికే డీడీఆర్4 ర్యామ్ ఉంటే, ఏఎం4లో ఏ సిగ్గూ లేదు. ఉద్యోగం రాగానే పెంచుకుంటాననుకుంటే ఏఎం5.

ఆఫీసుల నుంచి వచ్చే పాత డెస్క్‌టాప్ కొని దానికి కార్డు తగిలిద్దామనే ఆలోచన కూడా చాలామందికి ఉంటుంది. నేను తప్పనను, కానీ మూడు చూడండి. చాలావాటిలో ఎస్‌ఎంపీఎస్ ఆ కంపెనీ సొంత ఆకారంలో ఉంటుంది, మార్చడం కష్టం. కార్డుకు కరెంటిచ్చే వైరు ఉండకపోవచ్చు. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు అధికారికంగా ఇంటెల్ 8వ తరం లేదా ఆపైన ఉండాలి, టీపీఎం 2.0 కావాలి. విండోస్ 11 మీద వాలరెంట్ ఆడాలన్నా టీపీఎం, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండాల్సిందే. నాలుగో తరం మిషన్ చవగ్గా వచ్చిందని సంబరపడి, ఆడాలనుకున్న ఆటే తెరుచుకోకపోతే ఏం లాభం?

బిల్లు మీద మోడల్ నంబర్ రాయించండి

ఇందులో షాపువాళ్లను మాత్రమే తిట్టడం న్యాయం కాదు. లాభం తక్కువ, స్టాక్ పాతబడుతుంటుంది, రోజుకు యాభై మంది ధర అడిగి పోతారు. చేతిలో సరైన జాబితాతో వచ్చినవాడితో వాళ్లూ సరిగానే మాట్లాడతారు. ‘60లో మంచిది ఇయ్యన్నా’ అంటే మాత్రం, వాళ్ల దగ్గర కదలని సరుకే ముందుగా కదులుతుంది. ఎవరైనా అదే చేస్తారు.

అయితే ఒక్క విషయంలో గట్టిగా ఉండాలి. నా 2019 బిల్లు మీద ‘అసెంబుల్డ్ సెట్’ అని ఒక్క లైనే ఉంది. దాంతో ఏ కంపెనీ వారంటీ అడగను? ప్రతి పార్టుకూ పూర్తి మోడల్ పేరు, సీరియల్ నంబర్, ధర విడివిడిగా రాసిన జీఎస్టీ బిల్లు అడగండి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఆ తగ్గింపు మీ వారంటీ ధర. వీలైతే ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ అక్కడే పెట్టి బయాస్ స్క్రీన్ వచ్చేదాకా చూపించమనండి. సెకండ్ హ్యాండ్ కార్డు అయితే మీ కళ్లముందు అరగంట గేమ్ నడిపించాకే డబ్బు తీయండి.

కాలేజీల మీద కూడా నాకు కోపముంది. కంప్యూటర్ ఆర్గనైజేషన్ సబ్జెక్ట్‌లో బస్సు, మెమరీ, క్లాక్ బొమ్మలు గీయించారు. నాలుగేళ్లలో ఒక్కసారైనా క్యాబినెట్ మూత తీయించలేదు. పాత మిషన్లు పది ల్యాబ్ మూలన పడి ఉంటాయి. ఒక్క మధ్యాహ్నం వాటిని విప్పి బిగించమంటే చాలు, పుస్తకంలో నెల చదివింది చేతికొస్తుంది.

ఇక అమ్మానాన్నలకు ఒక మాట. గేమింగ్ పీసీ అనగానే చదువు పోయిందనుకోకండి. అదే మిషన్ మీద బ్లెండర్ నేర్చుకోవచ్చు, అన్‌రియల్ ఇంజిన్ నడపొచ్చు, ఏఐ మోడల్ ట్రైన్ చేయొచ్చు. ఛోటా భీమ్ పుట్టింది మన హైదరాబాద్‌లోనే, ఆ రంగంలో ఇక్కడ ఉద్యోగాలున్నాయి. పిల్లలూ, మీరు నిజంగా ఆ దారిలో వెళ్లేవాళ్లయితే అది జాబితాలో కనిపించాలి. ఇలాంటి పనుల్లో చాలా సాఫ్ట్‌వేర్‌కు ఎన్‌విడియా క్యూడా కావాలి, కార్డులో మెమరీ ఎక్కువ కావాలి. ‘చదువుకే నాన్నా’ అని చెప్పి రంగు లైట్లు కొంటే ఆ మాట అబద్ధమైపోతుంది. హాస్టల్‌లో ఉంటూ ఏడాదికో గది మారేవాళ్లయితే డెస్క్‌టాప్ వద్దు, ల్యాప్‌టాపే నయం. అదీ పొందిక చూడటమే.

మా తమ్ముడి కాగితం కొట్టేసి కొత్తది నేను రాయలేదు. వాడితోనే రాయించాను. ప్రతి పార్టు పక్కన ‘ఇదే ఎందుకు’ అని ఒక్క లైను. రెండు రోజులు తిట్టుకున్నాడు. మూడో రోజు బోర్డు మార్చాడు, 750 వాట్లను 550 చేశాడు, మిగిలిన దాంతో ఒక స్టిక్ బదులు రెండు పెట్టాడు. ఆ కాగితం తీసుకుని మా చిన్నమ్మ ముందు కూర్చుని అంతా వివరించాడు. ఆమెకు సాకెట్లు, లేన్లు అర్థం కాలేదు. కొడుకు ఆలోచించి ఖర్చు పెడుతున్నాడని మాత్రం అర్థమైంది. డబ్బు ఇచ్చింది.

పోయిన ఆదివారం బిగించాం. మొదటిసారే తెర వెలిగింది. నాన్న ఇప్పుడు రిటైరయ్యారు, పక్కన కూర్చుని చూస్తున్నారు. ‘ఈసారి లైట్లు తక్కువున్నయేందిరా?’ అన్నారు.